పెద్దమ్మ పెరట్లోకి రాత్రిపూట ఎవరొస్తున్నారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లకి పెరట్లోకి వచ్చే జంతువుల్ని, పిట్టల్ని చూపించాలంటే కెమెరా ఎలా పెట్టాలి అని. నాకు బాగా ఇష్టమైన విషయం, అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా పెద్దమ్మకి 76 ఏళ్లు, ఒక్కతే ఉంటుంది. పెరట్లో చెట్టు కింద మట్టి పళ్లెంలో పిట్టల కోసం నీళ్లు పెడుతుంది. నెల రోజులుగా తెల్లారేసరికి పళ్లెం ఖాళీగా ఉంటోంది, ఒక్కోరోజు బోర్లా పడి ఉంటోంది, పక్కన తడిమట్టిలో చిన్న చిన్న అడుగులు. "రాత్రి ఎవరొస్తున్నారో ఒక్కసారి చూడాలని ఉందే" అని ఫోన్ చేసినప్పుడల్లా అంటుంది. ఫోన్ ఎత్తడం, పెట్టెయ్యడం తప్ప ఆవిడకి ఇంకేమీ రాదు. వైఫై కెమెరా కొననా, అడవుల్లో చెట్లకి కడతారే, అది కొననా? నేను నెలకోసారి మాత్రమే వెళ్లగలను.

జవాబు: చెట్లకి కట్టేదే కొనండి. ట్రయల్ కెమెరా అంటారు దాన్ని. వైఫై కెమెరాని తప్పుపట్టడం లేదు, కానీ అది పెడితే వీడియోలు మీ ఫోనుకొస్తాయి. రాత్రి ఏం వచ్చిందో ముందు మీరు చూస్తారు, ఆ తర్వాత ఆవిడకి ఫోన్లో చెప్తారు. పెద్దమ్మ మిమ్మల్ని అడిగింది చూడాలని. పైగా రౌటర్ ఆగిపోయినా, పాస్‌వర్డ్ మారినా మళ్లీ మీరు వెళ్లేదాకా అంతే సంగతులు. ట్రయల్ కెమెరాకి ఇంటర్నెట్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. కొన్ని సెల్లులు, ఒక మెమరీ కార్డు, అంతే. సిమ్ వేసే రకాలు కూడా ఉన్నాయి, మీ అవసరానికి అవి వద్దు.

అది ఎలా పనిచేస్తుందో కాస్త తెలుసుకుంటే ఎక్కడ పెట్టాలో మీకే అర్థమైపోతుంది. లెన్స్ కింద తెల్లగా, కాస్త ఉబ్బెత్తుగా ఒక ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది, దాని వెనకాల వేడిని పసిగట్టే సెన్సర్ ఉంటుంది. వెనకున్న గోడకంటే, నేలకంటే వెచ్చగా ఉన్నదేదైనా దాని ముందు కదిలితే కెమెరా మేలుకుని ఫోటోనో వీడియోనో తీస్తుంది. అందుకే జంతువు కెమెరాకి ఎదురుగా నడిచొచ్చేటప్పటికంటే అడ్డంగా వెళ్లేటప్పుడు బాగా పట్టుకుంటుంది. అందుకే పాముల్ని దాదాపు పట్టుకోదు, వాటి ఒళ్లు చుట్టూ ఉన్న నేలంతే వేడిగా ఉంటుంది కదా. మండే ఎండలో నేల కూడా జంతువు ఒంటిలాగే కాలిపోతుంటే పిల్లి ఎదురుగా వెళ్లినా కెమెరా నిద్రపోతూనే ఉండొచ్చు. రాత్రిపూట ఈ తిప్పలుండవు.

ఇంకో మాట, ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. మా నాన్నగారికి మొదటిసారి కెమెరా పెట్టినప్పుడు గోడమీద నుంచి ఒక తీగ దాని ముందుకి వేలాడుతోందని నేను చూసుకోలేదు. ఎండకి ఆ ఆకులు వేడెక్కి, గాలికి ఊగి, మర్నాటికి 900 పైచిలుకు ఫోటోలు తీసేసింది, అన్నీ ఆ తీగవే. ఆయన ఒక్కోటీ నొక్కుకుంటూ చివరిదాకా చూశారు, మధ్యలో ఎక్కడైనా ఏదైనా ఉంటుందేమోనని. మర్నాడు కార్డు తీద్దామంటే "నువ్వే చూసి చెప్పులే" అన్నారు. ఆ ఉత్సాహం తిరిగి రావడానికి నాకు మూడు వారాలు పట్టింది. కాబట్టి కెమెరా ముందు మూడు నాలుగు మీటర్ల మేర ఊగే కొమ్మ, పొడుగ్గా పెరిగిన గడ్డి, ఆరేసిన బట్ట, ఏదీ లేకుండా చూడండి. మొదటి రాత్రి మీరు అక్కడే ఉండండి. పొద్దున్న ఖాళీ ఫోటోలు వస్తే అప్పుడే సరిచేసి, రెండో రాత్రి ఫోటోలు ఆవిడకి చూపించండి.

పళ్లేనికి రెండున్నర, మూడు మీటర్ల దూరంలో పెట్టండి. మరీ దగ్గరైతే మసగ్గా వస్తుంది, రాత్రి లైటు పడి జంతువు తెల్లగా వెలిసిపోతుంది. మరీ దూరమైతే ముంగిసో పందికొక్కో తెలియదు. పిల్లి అంత జంతువులకి మోకాలి ఎత్తు సరిపోతుంది, అంటే నేలకి 40, 50 సెంటీమీటర్లు, లెన్స్ ఒక్క పిసరు కిందికి వంచి. సూర్యుడు ఉదయించే వైపుకీ అస్తమించే వైపుకీ దాని ముఖం తిప్పకండి, పొద్దున్న సాయంత్రం తీసినవన్నీ తెల్లబడి పాడవుతాయి. పళ్లెం వెనకాల మన సొంత గోడ ఉంటే అన్నిటికంటే మంచిది.

అయితే మోకాలి ఎత్తు జంతువుకి మంచిదే, పెద్దమ్మకి కాదు. రోజూ పొద్దున్నే తడినేల మీద వంగి, కెమెరా మూత తీసి, గోరంత బటన్ నొక్కి, కార్డు బయటికి లాగడం 76 ఏళ్ల మనిషికి చెప్పే పని కాదు. నేను మా నాన్నగారికి చేసింది చెప్తాను. ఒక పొట్టి చెక్కపీట తీసుకుని, దాని మీద చిన్న కర్రముక్క నిలబెట్టి, కెమెరాని దానికే పట్టీతో బిగించేశాను. కర్రముక్కకి పైన తాడుతో చేతిపిడి. నేలమీద పీట కాళ్లకి సరిపోయేలా రెండు ఇటుకలు పాతాను. పొద్దున్నే ఆయన చేతిపిడి పట్టుకుని మొత్తాన్ని ఎత్తుకొచ్చి బల్లమీద పెట్టుకుని, కుర్చీలో కూచుని, కళ్లజోడు పెట్టుకుని మూత తీస్తారు. సాయంత్రం మళ్లీ ఇటుకల మధ్య పెడితే కెమెరా చూపు నిన్నటి చోటికే ఉంటుంది. చేతిపిడి నడుము ఎత్తుకి వచ్చేలా పొడుగు తాడు కడితే వంగే పనే లేదు. పెరట్లోకి వెళ్లేది మాత్రం బాగా వెలుగొచ్చాకే, చెప్పులేసుకునే. ఈ మాట గట్టిగా చెప్పండి. రాత్రి చప్పుడైందని టార్చి పట్టుకుని బయటికి రావద్దని కూడా చెప్పండి, కెమెరా ఉన్నదే అందుకని.

కొనేటప్పుడు మెగాపిక్సెళ్ల అంకెలు చూసి మోసపోవద్దు. చాలా కెమెరాల్లో ఆ పెద్ద అంకె చిన్న ఫోటోని సాగదీసి చెప్పేదే. మీరు చూడాల్సినవి మూడు. లోపల బొమ్మ చూసుకోవడానికి చిన్న తెర ఉందా, వేలికి తెలిసేలా ఆన్ ఆఫ్ స్విచ్ ఉందా, పూర్తి సైజు ఎస్‌డీ కార్డు పడుతుందా. మైక్రో కార్డు 15 మిల్లీమీటర్లే ఉంటుంది, చేతిలోంచి జారితే ఇక వెతుకులాటే. పెద్దది 32 మిల్లీమీటర్ల పొడుగు, వణికే వేళ్లకి కూడా అందుతుంది. కెమెరా చీకట్లో చూడడానికి వాడే ఇన్‌ఫ్రారెడ్ లైట్ల విషయం కూడా అడగండి. 850 నానోమీటర్ల రకమైతే రాత్రి వెలిగినప్పుడు మసక ఎరుపు కనిపిస్తుంది, వెలుగు కాస్త ఎక్కువ దూరం పోతుంది. 940 రకమైతే కంటికి ఏమీ కనిపించదు, వెలుగు దూరం తగ్గుతుంది. మూడు మీటర్లకి రెండోదే చాలు. చీకట్లో ఎర్రగా ఏదో వెలుగుతోందని పెద్దమ్మకి టెన్షన్ కూడా ఉండదు. ఏ రకమైనా రాత్రి బొమ్మలు నలుపు తెలుపులోనే వస్తాయి, రంగులు రాలేదని ఆవిడ నిరాశపడకుండా ఈ సంగతి ముందే చెప్పండి.

సెట్టింగులు మీరే ఒకసారి పెట్టేయండి, ఆవిడకి వాటితో పని ఉండకూడదు. వీడియో 15 సెకన్లు, ఒకటయ్యాక ఇంకోటి మొదలవడానికి నిమిషం ఎడం, సెన్సర్ మధ్యస్థంగా. ఫోటోలకంటే వీడియోనే పెట్టండి, తోక ఊపడం, నీళ్లు తాగుతూ మధ్యలో తలెత్తి చూడడం, ఇవన్నీ వీడియోలోనే ఉంటాయి. తేదీ, సమయం తప్పకుండా సరిగ్గా పెట్టండి. నాలుగు రోజులయ్యాక "ఎవరు" అన్న ప్రశ్న పోయి "నిన్న రెండింటికి వచ్చింది, ఇవాళ నాలుగున్నర అయిందేం?" అన్న ప్రశ్న వస్తుంది. మా ఇంట్లో అదే జరిగింది.

చూడడం మాత్రం టీవీలోనే. కెమెరాలో ఉండే అగ్గిపెట్టెంత తెర మీద పెద్దవాళ్లకి ఏం కనబడుతుంది? టీవీ వెనక యూఎస్‌బీ రంధ్రంలో ఒక కార్డ్ రీడర్ ఎప్పుడూ పెట్టే ఉంచండి, వైరు ఉన్నదైతే దాన్ని టీవీ ముందుకి లాగి టేపుతో అతికించొచ్చు. కార్డులు రెండు కొనండి, ఒకదానికి ఎర్ర స్టిక్కరు, ఒకదానికి పచ్చ స్టిక్కరు. ఒకటి కెమెరాలో ఉంటే ఇంకోటి టీవీ దగ్గర. పొద్దున్న అటుదిటు, ఇటుదటు. ఆవిడ నేర్చుకోవాల్సింది అదొక్కటే, దాంతోపాటు కార్డు తీసేముందు స్విచ్ ఆపడం, పెట్టాక వెయ్యడం. స్విచ్ వెయ్యడం మర్చిపోవడమే అందరికీ జరిగే పొరపాటు, అందుకే మూత లోపలివైపు పెద్ద అక్షరాలతో "ఆన్ చేశావా?" అని రాసి అతికించండి. మీ చేతిరాతతో రాస్తే ఇంకా బాగుంటుంది. ఒక్క సంగతి, కొన్ని కెమెరాలు తీసే వీడియో పాత టీవీల్లో ఆడదు. మీరు తిరుగు ప్రయాణమయ్యేలోపు ఆవిడ టీవీలో ఒక వీడియో వేసి చూడండి. కార్డు 32 జీబీ చాలు, అంతకంటే పెద్దవి కొన్ని కెమెరాలు తీసుకోవు కూడా. ఫార్మాట్ చేసేది, అంటే కార్డు మొత్తం చెరిపేసేది, కెమెరాలోనే, నెలకోసారి మీరు వెళ్లినప్పుడు, దాచుకోవాల్సినవి వేరే చోటికి ఎక్కించాక.

సెల్లుల దగ్గర కక్కుర్తి పడకండి. రాత్రి వీడియోలకి లైట్లు వెలగాలి కాబట్టి సెల్లులు త్వరగా దిగిపోతాయి. ఒకసారి వాడి పారేసే లిథియం రకం అయితే అన్నిటికంటే ఎక్కువ రోజులొస్తాయి, వోల్టేజీ కూడా చివరిదాకా నిలకడగా ఉంటుంది. ఛార్జింగు పెట్టుకునేవి చాలావరకు 1.2 వోల్టులే ఇస్తాయి కాబట్టి కొన్ని కెమెరాలు అవి నిండుగా ఉన్నా అయిపోయాయనుకుంటాయి. పాతవీ కొత్తవీ కలిపి వెయ్యొద్దు, మార్చినప్పుడు అన్నీ ఒకేసారి మార్చాలి.

జంతువుల్ని రప్పించాలని తిండి పెట్టడం మాత్రం వద్దు, ముందు ఎలుకలు చేరతాయి. నీళ్లు చాలు. ఆ నీళ్లు కూడా రోజూ పారబోసి పళ్లెం తోమి పెట్టాలి, వారం పది రోజులు నిలవుంటే దోమలు గుడ్డు నుంచి రెక్కలదాకా అందులోనే తయారైపోతాయి. పళ్లెం వెడల్పు ఒకసారి కొలిచి పెట్టుకోండి. అది 30 సెంటీమీటర్లయితే, దాని పక్కన నిలబడ్డ జంతువు ముక్కు నుంచి తోక మొదలుదాకా ఎంతుందో కంటితోనే తేలిపోతుంది. రాత్రి బొమ్మలో రంగు తెలియదు కాబట్టి ఈ కొలత చాలా ఉపయోగం. తోక పొడుగు, చెవుల ఆకారం, నడక చూస్తే మిగతాది తెలుస్తుంది. అప్పటికీ తేలకపోతే ఐనాచురలిస్ట్‌ అని, జంతువుల, మొక్కల ఫోటోలు పెట్టి పేరు అడిగే వెబ్‌సైటు ఉంది, అందులో మీరు ఆ బొమ్మ పెట్టండి, తెలిసినవాళ్లు చెప్తారు. ఇంటి చోటు మాత్రం అందరికీ కనిపించకుండా మరుగుపరిచే సెట్టింగు అందులో ఉంది, అది పెట్టాకే. పెద్దమ్మకి ఒక నోటుపుస్తకం, పెన్ను ఇవ్వండి. తేదీ, టైము, ఎవరొచ్చారు. అంతే రాయమనండి.

ఆవిడకి ఒక కథ కూడా చెప్పండి. జార్జ్ షిరాస్ అని అమెరికాలో ఒక న్యాయవాది, కొన్నాళ్లు అక్కడి పార్లమెంటు సభ్యుడు కూడా. ఇలాంటి సెన్సర్లు లేని ఆ రోజుల్లో చీకట్లో ఒక తీగ కట్టి, జంతువు దానికి తగలగానే మందు భగ్గుమని వెలిగి ఫోటో పడేలా ఏర్పాటు చేశాడు. 1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన తీసిన 74 ఫోటోలు వేసింది. తమ ఫోటో తామే తీసుకున్న జింకలు! మీ పెద్దమ్మ అడిగిన ప్రశ్నే ఆయనా అడిగాడు, రాత్రిపూట ఇక్కడికి ఎవరొస్తున్నారు అని.

ప్రశ్న: మా మావయ్యగారికి పిట్టలంటే ప్రాణం. బాల్కనీలో నీళ్ల గిన్నె దగ్గర ట్రయల్ కెమెరా పెట్టాను. చోటు లేక అరమీటరు దూరంలోనే పెట్టాల్సి వచ్చింది. పిట్ట వస్తోంది, బొమ్మ మాత్రం అలికేసినట్టుంది. కెమెరా మార్చాలా?

జవాబు: మార్చొద్దు. ఈ కెమెరాల ఫోకస్ కదలదు, సుమారు రెండు మీటర్ల నుంచి ఆపైన ఉన్నవే స్పష్టంగా కనిపిస్తాయి. దగ్గరవి కనబడకపోవడం అంటే ఏమిటి? చత్వారమే కదా. మందు కూడా అదే. మావయ్యగారి పాత చత్వారం అద్దాలు ఇంట్లో ఎక్కడో ఉంటాయి, ఆ ఒక అద్దం ఊడదీసి కెమెరా లెన్స్ ముందు పెట్టండి. లెక్క సులువు, 100ని అద్దం పవరుతో భాగిస్తే ఎన్ని సెంటీమీటర్ల దగ్గర స్పష్టంగా కనిపిస్తుందో వస్తుంది. ప్లస్ 2 అయితే 50 సెంటీమీటర్లు, ప్లస్ 1 అయితే మీటరు, ప్లస్ 3 అయితే 33. మీకు కావాల్సింది ప్లస్ 2.

అతికించేటప్పుడు ఒక జాగ్రత్త. అద్దం లెన్స్‌ని మాత్రమే కప్పాలి, కిందున్న సెన్సర్ బిళ్ల మీదికి రాకూడదు. కళ్లద్దం కాంతిని పోనిస్తుంది, ఒంటివేడిని పోనివ్వదు, సెన్సర్‌కి అడ్డమొస్తే కెమెరా అసలు మేలుకోదు. నేను నాలుగు మూలలా చిటికెన వేలి గోరంత జిగురుబంక ఉండలు పెట్టి అద్దాన్ని నొక్కేస్తాను, ఎప్పుడంటే అప్పుడు ఊడి వచ్చేస్తుంది, కెమెరాకి ఏమీ కాదు. తెర మీద చూస్తూ గిన్నె అంచుని ముందుకీ వెనక్కీ జరపండి, అంచు మీది గీతలు ఒక్కసారిగా తేరుకుని కనబడే చోటొకటి వస్తుంది, అక్కడ ఆపండి. రాత్రిపూట కూడా తీస్తున్నట్టయితే లైట్ల మీద తెల్ల కాగితం టేపు ఒక వరస వెయ్యండి, లేకపోతే అంత దగ్గర్లో అంతా తెల్లగా కాలిపోతుంది.

గూడు దగ్గర మాత్రం ఈ పని చెయ్యకండి. గుడ్లు, పిల్లలు ఉన్నప్పుడు అరమీటరు దూరంలో మనం తచ్చాడితే తల్లిపిట్ట గూడు వదిలేసి పోవచ్చు. నీళ్ల గిన్నె దగ్గర ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు.

ప్రశ్న: మా అమ్మమ్మ పెరట్లో కెమెరా పెడితే పక్కింటివాళ్లు "మా ఇంటిని తీస్తున్నారా?" అని అడిగారు. ఏం చెప్పాలి?

జవాబు: వాళ్లు అడగడం న్యాయమే. చెప్పే బదులు చూపించండి. వాళ్లని పిలిచి కెమెరా తెరలో ఎంతవరకు కనబడుతోందో వాళ్ల కళ్లతోనే చూడనివ్వండి, వాళ్ల కిటికీ గానీ గుమ్మం గానీ ఒక మూల పడుతున్నా సరే కెమెరాని కిందికి వంచి మీ గోడ వైపు తిప్పండి. మాటలు రికార్డు చేసే సెట్టింగు ఉంటే ఆపేయండి. మనిషెవరైనా పొరపాటున పడితే ఆ వీడియో చెరిపేయండి, ఎవరికీ పంపొద్దు. ఆ తర్వాత మంచి వీడియో ఏదైనా వస్తే అమ్మమ్మనే పిలిచి చూపించమనండి. గోడకి అవతలి నుంచి వచ్చే జంతువు వాళ్ల పెరట్లోంచే వస్తుంది కదా, వాళ్లకీ చూడాలని ఉంటుంది.

ప్రశ్న: మా తాతయ్య మంచం దిగలేరు. కిటికీ పక్కనే మంచం. బయట చెట్టుకి ఉడుతలు, పిట్టలు వస్తాయి గానీ పడుకున్న చోటు నుంచి ఆకాశం తప్ప కనపడదు. కిటికీ అద్దం లోపలినుంచి ట్రయల్ కెమెరా పెట్టాను, రెండు రోజుల్లో ఒక్క బొమ్మ రాలేదు. పాడైందా?

జవాబు: పాడవలేదు. ఒంటివేడి గాజులోంచి లోపలికి రాదు కాబట్టి సెన్సర్‌కి ఉడుత కనబడనే లేదు. రాత్రయితే ఇంకా కష్టం, కెమెరా లైటు అద్దానికి తగిలి తిరిగొచ్చి తెల్లమచ్చ తప్ప ఏమీ రాదు.

మొదటి ఉత్తరానికి వైఫై కెమెరా వద్దన్నాను, మీకు మాత్రం అదే చెప్తాను. ఎందుకంటే తాతయ్య కార్డు మార్చలేరు, ఆయనకి కావాల్సింది ఇప్పుడు, ఈ నిమిషంలో చెట్టు మీద ఏం జరుగుతోందో. వానకి తడిసినా తట్టుకునే వైఫై కెమెరా బయట గోడకి, చూరు కింద బిగించండి. కరెంటుతో నడిచేదే తీసుకోండి, బ్యాటరీవి పొదుపు కోసం మధ్యమధ్యలో నిద్రపోతాయి, ఎప్పుడూ బొమ్మ చూపిస్తూ ఉండలేవు. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మీద పెట్టండి, 5 కంటే అది గోడల్ని బాగా దాటుతుంది, చాలా కెమెరాలు దాన్నే తీసుకుంటాయి కూడా. పాస్‌వర్డ్ కొత్తది, గట్టిది పెట్టండి, కెమెరాతో వచ్చినది అలాగే వదిలెయ్యొద్దు.

ఇంట్లో పాత ట్యాబ్లెట్ ఉంటే ఆయన మంచం పక్కన స్టాండుకి పెట్టి, తెర ఆరిపోకుండా సెట్టింగు మార్చి, ఆ కెమెరా బొమ్మ ఒక్కటే ఎప్పుడూ కనబడేలా ఉంచండి. శబ్దం కూడా వచ్చే కెమెరా అయితే మరీ మంచిది, పిట్టల్ని ఆయన చాలావరకు వినే గుర్తుపడతారు. స్టాండు ఎక్కడ పెట్టాలో మాత్రం మీరు నిలబడి నిర్ణయించకండి. ఆయన మంచం మీద, ఆయన దిండు మీద తల పెట్టి పడుకుని చూడండి, మెడ తిప్పకుండా ఎక్కడికి చూపు వెళ్తుందో అక్కడ పెట్టండి. కిటికీ వెలుగు తెర మీద పడకుండా కాస్త వాల్చండి. రాత్రి నిద్రపోయే వేళకి తెర ఆపేసి, పొద్దున్న ఆయన లేచేసరికి వెయ్యండి, ఉడుతలు తెల్లారగానే దిగుతాయి.